చూచియు ప్రక్కగా పోవుట ఎందువలన?

పాఠ్యభాగము: లూకా సువార్త 10వ అధ్యాయము, 25 నుండి 37 వచనములు



పై భాగమును మీలో చాలామంది సండే స్కూలులో ఫ్లానెల్ బోర్డు మీద బొమ్మలతో నేర్చుకొనినవారే. గాయపడినవాడు, యాజకుడు, లేవీయుడు, సమరయుడు, పూటకూళ్లవాడు. మేమును ముప్పది సంవత్సరములకు పైగా ఆ బొమ్మలనే అతికించి పిల్లలకు నేర్పినాము. నేర్పిన ప్రతిసారియు యాజకుని, లేవీయుని చెడ్డవారిగాను, సమరయుని మంచివానిగాను చూపించి, "మీరు ఎవరివలె ఉంటారు?" అని అడిగేవారము. పిల్లలందరు ఒక్క గొంతుతో "సమరయునివలె" అనేవారు. పాఠము ముగిసేది. హాజరు పట్టీలో గుర్తు వేసేవారము.

ఈసారి అధ్యయనములో అదే ప్రశ్నను కొంచెము వేరుగా అడుగదలచినాము. మంచివాడు ఆగును, చెడ్డవాడు ఆగక పోవును అనునది నిజమేనా? మనుష్యుని ప్రవర్తనను అతని స్వభావమే నిర్ణయించునా? లేక అతడు నిలిచిన చోటు, చేతి గడియారములోని సమయము, చుట్టునున్న జనము కూడ నిర్ణయించునా? ఈ ప్రశ్నను తత్వవేత్తలు వేసికొనినారు. గత అరువది సంవత్సరములలో మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించి చూచినారు. మన దేశపు సుప్రీంకోర్టు సహితము తన రీతిగా దీనికి జవాబు చెప్పినది.

అయితే ముందుగా మా సంగతి ఒకటి ఒప్పుకొనవలెను.

1996వ సంవత్సరము. మేము కోలారు జిల్లాలో ఉపాధ్యాయునిగా పనిచేయుచున్న దినములవి. ఒక ఆదివారము మధ్యాహ్నము సండే స్కూలు పరీక్షల జమాఖర్చులు చూచు సమావేశమునకు స్కూటరు మీద పోవుచున్నాము. వెనుక మా సంఘ కోశాధికారిగారు కూర్చున్నారు, ఒడిలో ఖాతా పుస్తకము. ఒక మలుపు దగ్గర పదిమందో పదిహేనుమందో గుంపుగా నిలిచియున్నారు. మధ్యలో ఒక మనిషి పడియున్నాడు. సైకిలు ఒక ప్రక్కన, పాలక్యాను ఒక ప్రక్కన. పాలు రోడ్డు మీద పారి గుంటలో చేరుచున్నవి. ఏ లారీయో కొట్టి పోయినట్లున్నది. మేము స్కూటరు నెమ్మది చేసినాము. "మాస్టరుగారూ, అంతమంది ఉన్నారు గదా, వారు చూచుకొంటారు. మనకు ఇప్పటికే అరగంట ఆలస్యమైనది" అన్నారు కోశాధికారిగారు. ఆయన అనకపోయినను మేమును అదే అనుకొనియుందుము. పోయినాము.

సాయంత్రము తిరిగి వచ్చునప్పటికి అక్కడ పాల మరకయు ఈగలును మాత్రమే ఉన్నవి. తరువాత తెలిసినది ఏమనగా, మేము పోయిన తరువాత కూడ చాలాసేపు అతనిని ఎవరును ముట్టలేదు. చివరకు టమాటాలు తీసికొని పోవుచున్న టెంపో డ్రైవరు ఒకడు ఆగి, పెట్టెలు కొన్ని రోడ్డు ప్రక్కన దింపి, అతనిని వెనుక పండుకొనబెట్టి ఆసుపత్రికి చేర్చినాడట. మనిషి బ్రతికినాడు. ఒక కాలు మాత్రము పొట్టిదైనది.

ఆ మరుసటి నెలలోనే మేము ఒక కూటములో, ఈ కాలపు మనుష్యులలో కనికరము చచ్చిపోయినదని గట్టిగా మాటలాడినాము. ఆ దినము గుంపులో నిలిచినవారిని మనస్సులో పెట్టుకొనియే మాటలాడినాము. స్కూటరు మీద పోయినవారిని మాత్రము మరచినాము.

మనుష్యుడు స్వభావసిద్ధముగా మంచివాడా, చెడ్డవాడా అనునది పాత వివాదము. క్రీస్తుకు పూర్వము 4వ శతాబ్దమున చైనాలో జీవించిన మెన్షియస్ అను జ్ఞాని దీనికి బావి ఉదాహరణ చెప్పినాడు. చిన్న బిడ్డ బావిలో పడబోవుచుండగా హఠాత్తుగా చూచిన ఏ మనుష్యునికైనను గుండె జల్లుమనును. ఆ బిడ్డ తలిదండ్రుల స్నేహము కొరకు గాని, ఊరివారి మెప్పు కొరకు గాని కాదు. మనుష్యునిలో పుట్టుకతోనే కనికరము మొలకగా ఉన్నదని అతని వాదము. ఇంగ్లండు దేశస్థుడైన థామస్ హాబ్స్ 1651లో ప్రచురించిన "లెవయతాన్" అను గ్రంథములో ఇందుకు ఇంచుమించు ఎదురుగా వ్రాసినాడు. అందరిని అదుపులో నుంచు అధికారము లేనిచోట ప్రతివాడు ప్రతివానితో పోరాడు స్థితియే యుండునని అతని అభిప్రాయము. అయితే ఈ హాబ్సే ఒకసారి బిచ్చమెత్తుకొను ముసలివానికి డబ్బు ఇచ్చెననియు, ఎందుకిచ్చితివని అడుగగా అతని దురవస్థ చూచి నాకు కలిగిన బాధ తీరుటకు ఇచ్చితినని చెప్పెననియు, అతనిని ఎరిగిన జాన్ ఆబ్రీ వ్రాసియున్నాడు. స్వార్థమే అనుకొందము. ముసలివానికి డబ్బు ముట్టినది గదా.

వీరిద్దరికంటె మమ్ములను ఎక్కువ కలవరపెట్టినవాడు ఫ్రెంచి భాషలో వ్రాసిన రూసో. మనుష్యుల మధ్యనున్న అసమానతను గూర్చి 1755లో అతడు ప్రచురించిన వ్యాసములో, కనికరము ఆలోచనకంటె ముందే పుట్టునదనియు, ఎక్కువ ఆలోచనయే దానిని చల్లార్చుననియు వాదించినాడు. తత్వవేత్త యొక్క కిటికీ క్రింద ఎవనినైనను చంపుచున్నను, అతడు చెవులు మూసికొని తనలో తాను కొంచెము తర్కించుకొనిన చాలునట. వీధిలో కొట్లాట జరుగునప్పుడు వివేకవంతుడు తొలగిపోవును, సంతలో అమ్ముకొను ఆడవారే అడ్డుపడి విడదీయుదురట. ట్రైనింగు పూర్తిచేసి సర్టిఫికెట్టు గోడకు తగిలించుకొనిన మావంటివారు దీనిని రెండుసార్లు చదువవలెను.

మెన్షియస్ మాటను మరల చూడండి. గుండె జల్లుమనునన్నాడే గాని, అందరు పరుగెత్తుదురని అనలేదు. గుండెకును కాళ్లకును మధ్య ఏమి జరుగుచున్నది? దీనిని కొలిచి చూచు పని 1960ల తరువాత ఊపందుకొన్నది. దానికి కారణమైనది ఒక వార్త.

1964 మార్చి 13వ తేదీ తెల్లవారుజామున న్యూయార్కు నగరములో కిట్టీ జెనోవీస్ అను 28 ఏండ్ల యువతి పని ముగించుకొని ఇంటికి వచ్చుచుండగా ఒకడు కత్తితో పొడిచి చంపినాడు. రెండు వారముల తరువాత "న్యూయార్క్ టైమ్స్" పత్రిక, 38 మంది ఇరుగుపొరుగువారు చూచుచు కూడ ఆ దాడి జరుగునంతసేపు పోలీసులకు ఫోను చేయలేదని మొదటి పేజీలో వ్రాసినది. పట్టణవాసులు రాళ్లయిపోయినారని దేశమంతయు చెప్పుకొన్నారు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఈ కథను మేమును కూటములలో వాడుకొనియున్నాము, గాని అది ఉన్నదున్నట్లు నిజము కాదు. 2007లో ముగ్గురు పరిశోధకులు ఆ కేసు వివరములను మరల పరిశీలించి, 38 మంది చూచుచు ఊరకున్నారనుటకు ఆధారము లేదని ప్రచురించినారు. వినినవారిలో చాలామందికి కేకలు చెవిని పడినవే గాని జరుగుచున్నదేమో కనబడలేదు. ఒక పొరుగింటి స్త్రీ క్రిందికి పరుగెత్తి వచ్చి, చనిపోవుచున్న ఆమెను చేతులలో పట్టుకొని కూర్చున్నది. 2016లో ఆ పత్రికయే తన పాత వార్త లోపములతో కూడినదని ఒప్పుకొన్నది. ఒక్కరును రాలేదని మేము ఎన్నిసార్లు చెప్పితిమో అన్నిసార్లును ఆ పొరుగింటి స్త్రీని తుడిచివేసినట్లే.

వార్తలో తప్పున్నను దాని వలన పుట్టిన ప్రశ్న మంచిదే. జాన్ డార్లీ, బిబ్ లటానే అను ఇద్దరు యువ అధ్యాపకులు 1968లో ఒక ప్రయోగమును ప్రచురించినారు. విద్యార్థిని ఒక గదిలో ఒంటరిగా కూర్చుండబెట్టి, వేరు వేరు గదులలోనున్న ఇతరులతో మైకు ద్వారా మాటలాడుమన్నారు. మధ్యలో వారిలో ఒకనికి మూర్ఛ వచ్చినట్లు వినబడినది. అది ముందుగా రికార్డు చేసిన గొంతు, గాని వినువానికి ఆ సంగతి తెలియదు. తానొక్కడే వినుచున్నాననుకొనినవారిలో నూటికి 85 మంది ఆ గొంతు ఆగిపోకముందే లేచి సహాయము కొరకు వెళ్లినారు. మరియొకరు కూడ వినుచున్నారనుకొనినప్పుడు 62 మంది. ఇంకను నలుగురు వినుచున్నారనుకొనినప్పుడు 31 మందే.

లేవనివారు రాతిగుండెవారా? కాదు. ప్రయోగము చేసినవారు గదిలోనికి పోయి చూడగా, వారిలో చాలామందికి చేతులు వణకుచున్నవి, అరచేతులు చెమర్చియున్నవి. అతనికి ఎట్లున్నది, ఎవరైనను చూచుచున్నారా అని వారే అడిగినారు. గుండె జల్లుమన్నది. కాళ్లు మాత్రము లేవలేదు. అయిదుగురిలో పంచుకొనిన బాధ్యత ఒక్కొక్కరికి చిటికెడైనది. ఇది మనకు తెలియని సంగతి కాదు. ఆదివారము ప్రకటనలలో "ఎవరైనా ఒకరు బెంచీలు సర్దండి" అని చెప్పి, సాయంత్రము ఆ బెంచీలు ఎట్లున్నవో చూడండి.

వారిదే మరియొక ప్రయోగములో కాగితములు నింపుచున్నవారి గదిలోనికి పొగ వదలినారు. ఒంటరిగానున్నవారిలో నూటికి 75 మంది బయటికి పోయి చెప్పినారు. ఏమియు పట్టనట్లు కూర్చుండుమని ముందే నేర్పబడిన ఇద్దరి మధ్యనున్నవారిలో 10 మంది మాత్రమే చెప్పినారు. మిగిలినవారు దగ్గుచు, కండ్లు నులుముకొనుచు, కాగితము నింపుచునే యున్నారు. ప్రతివాడును ప్రక్కవాని ముఖము చూచును. ప్రక్కవాడు నిబ్బరముగా కనబడును. కాబట్టి భయపడవలసినదేమియు లేదనుకొనును. సామాన్యముగా జరుగునదేమనగా, ప్రక్కవాడును వీని ముఖమును చూచియే నిబ్బరముగా నున్నాడు.

కోలారు రోడ్డు మీద ఆ పదిహేనుమంది కూడ ఇట్లే ఒకరి ముఖమొకరు చూచుకొనియుందురని ఇప్పుడు అనిపించుచున్నది. మేము పదునారవవారము. మా సంగతి మాత్రము జనసమూహము కంటె గడియారముతో ఎక్కువ ముడిపడియున్నది. దానికి చెందిన ప్రయోగము మన పాఠ్యభాగమును ఆధారము చేసికొనియే జరిగినది.

1973లో డార్లీయు, డేనియల్ బాట్సన్ అను మరియొకరును దీనిని ప్రచురించినారు. వారు పరీక్షించినది అమెరికాలోని ప్రిన్స్‌టన్ వేదాంత పాఠశాల విద్యార్థులను, అనగా వాక్యము చదువుకొనుచున్నవారినే. 40 మంది. ఒక్కొక్కరిని పిలిచి, ప్రక్క భవనములో చిన్న ప్రసంగము చేయవలెనన్నారు. కొందరికి ఇచ్చిన అంశము మంచి సమరయుని ఉపమానము. మిగిలినవారికి ఇచ్చినది వేదాంత విద్యార్థులకు తగిన ఉద్యోగములు. పంపునప్పుడు కొందరితో "ఆలస్యమైనది, అక్కడ మీ కొరకు ఎదురుచూచుచున్నారు, త్వరగా పొండి" అన్నారు. కొందరితో "వారు సిద్ధముగా నున్నారు, వెళ్లండి" అన్నారు. మరికొందరితో "ఇంకను కొన్ని నిమిషములున్నవి, అయినను బయలుదేరండి" అన్నారు. దారిలోని సందులో ఒక మనిషి గుమ్మము దగ్గర కూలబడి, తల వంచుకొని, కండ్లు మూసికొని యున్నాడు. విద్యార్థి దగ్గరకు రాగానే దగ్గి మూలుగవలెనని అతనికి ముందే చెప్పియుంచినారు.

తొందర లేనివారిలో నూటికి 63 మంది, కొద్దిపాటి తొందరలోనున్నవారిలో 45 మంది, ఎక్కువ తొందరలోనున్నవారిలో 10 మంది మాత్రమే ఏదో ఒక విధముగా సహాయము చేసినారు. మొత్తము 40 మందిలో 16 మంది. సమరయుని గూర్చి ప్రసంగింపబోవువారిలో కొందరు ఆ మనిషిని దాటుకొని, సమరయుని గూర్చి మాటలాడుటకే పోయినారు.

అంశము వలన మేలేమియు కలుగలేదా అని మీరు అడుగవచ్చును. సమరయుని అంశము పొందినవారిలో సహాయము చేసినవారు నూటికి 53, రెండవ గుంపులో 29. ఇంత కొద్దిమందిలో ఈ తేడాను లెక్కకు తీసికొనలేమని ప్రయోగకర్తలు వ్రాసినారు. అంత త్వరగా కొట్టివేయకూడదని తరువాత మరియొక శాస్త్రజ్ఞుడు వాదించినాడు. మేము నలుబదిమంది పిల్లల తరగతికి లెక్కలు చెప్పినవారము గనుక, నలుబదిమందిని బట్టి లోకమంతటికి సిద్ధాంతము కట్టుటకు ఇష్టపడము. తొందరను గూర్చిన అంకెలను మాత్రము కొట్టివేయలేకున్నాము. వాటిలో మా స్కూటరు కనబడుచున్నది.

ఇంకొక వివరము. తొందరలో పోయినవారు అవతలి భవనమునకు చేరునప్పటికి చాలామంది కలతపడియున్నారని ఆ ఇద్దరును వ్రాసినారు. వారిది కఠినత్వము కంటె ఇరుకున పడిన స్థితియని వారి అభిప్రాయము. అక్కడ ఎదురుచూచువానికి ఇచ్చిన మాట ఒక ప్రక్కన, సందులో మూలుగుచున్నవాడు ఒక ప్రక్కన. రెండును బాధ్యతలే. ముందుగా ఒప్పుకొనిన బాధ్యత గెలిచినది.

ఇప్పుడు పాఠ్యభాగమునకు తిరిగి పోవుదము. యెరూషలేము సముద్రమట్టమునకు సుమారు 750 మీటర్ల ఎత్తున ఉన్నది. యెరికో సముద్రమట్టమునకు సుమారు 250 మీటర్ల దిగువన ఉన్నది. ఇరువది అయిదు కిలోమీటర్లకు కొంచెము అటుఇటుగా నున్న దారిలో వెయ్యి మీటర్లు దిగవలెను. ఎండ, బండలు, మలుపులు, దొంగల భయము. అట్టి దారిలో యాజకుడు ఎందుకు ఆగలేదో మన పాఠ్యభాగము చెప్పలేదు. మేము మాత్రము ముప్పది ఏండ్లు పిల్లలచేత "గర్వము", "కఠిన హృదయము" అని జవాబు వ్రాయించి, వ్రాసినవారికి రెండు మార్కులు ఇచ్చినాము. వచనములో లేని జవాబునకు ఇచ్చిన మార్కులవి.

మనుష్యుడు పరిస్థితుల చేతిలో కీలుబొమ్మ, అతని నేరమేమియు లేదు అని ఎవరైనను దీని నుండి తీసికొందురేమోయని మాకు భయము. అట్లు కాదు. ఎక్కువ తొందరలో కూడ నూటికి 10 మంది ఆగినారు. పొగ నిండిన గదిలో కూడ ఒకరు లేచినారు. అంతేకాక, ప్రయోగశాలలో కాక నిజమైన వీధులలో ఏమి జరుగునో ఇటీవల చూచినారు. ఆమ్‌స్టర్‌డామ్, ఇంగ్లండులోని లాంకస్టర్, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ పట్టణములలో వీధి కెమెరాలలో పడిన 219 తగవులను పరిశోధకులు పరిశీలించి, పదింట తొమ్మిదింటిలో ఎవరో ఒకరు అడ్డుపడినారని 2019లో తెలియజేసినారు. చుట్టు జనము ఎక్కువగానున్నకొలది ఎవరో ఒకరు కల్పించుకొను అవకాశము పెరిగినది. ఒక్కొక్కరి బాధ్యత పలుచబడినను, గుంపులో ఒక ధైర్యశాలి ఉండు అవకాశము కూడ పెరుగును. రూసో చెప్పిన సంత స్త్రీలు ఇంకను ఉన్నారన్నమాట.

మరియొక ఫలితము ఉపాధ్యాయులకు సంతోషము కలిగించునది. గుంపులో మనుష్యులు ఎందుకు కదలరో తరగతిలో పాఠముగా వినిన విద్యార్థులను రెండు వారముల తరువాత, పాఠము పేరెత్తకుండ పరీక్షించగా, వినినవారిలో నూటికి సుమారు 43 మంది, విననివారిలో 25 మంది పడియున్నవానికి సహాయము చేసినారని 1978లో ప్రచురించినారు. ఈ వ్యాసము ఇంత పొడుగుగా వ్రాయుటకు మాకు సాకు అదే.

ఇక మన దేశము. 2022వ సంవత్సరము ఒక్కదానిలోనే రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయినారని ప్రభుత్వ లెక్క. మన రోడ్ల మీద తొందర, గుంపు అను రెండింటితోపాటు మూడవది ఒకటి యున్నది. అది పోలీసు భయము. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ అను సంస్థ 2013లో జరిపించిన సర్వేలో నూటికి 74 మంది, ప్రమాదములో పడినవానికి తాము సహాయము చేయుట అరుదేయన్నారు. వారిలో ఎక్కువమంది చెప్పిన కారణము కనికరము లేకపోవుట కాదు. ఠాణాకు పిలుచుట, ప్రశ్నలు వేయుట, కోర్టుకు త్రిప్పుట. ఆసుపత్రిలో డబ్బు కట్టమందురను భయము కూడ ఉన్నది.

మన పాఠకులకు ఈ భయము రెండింతలు. షోలాపూరు మగ్గముల వీధులలోను, బరంపురములోను, బళ్లారిలోను, హోసూరులోను మనవారు మూడు నాలుగు తరములుగా ఉన్నారు. అంగడిలో, బడిలో ఆ ఊరి భాష ధారాళముగా మాటలాడుదురు. ఠాణా గుమ్మము తొక్కగానే ఆ భాష నాలుకకు అంటుకొనిపోవును. "మనము బయటి ఊరివారము, మన మాట ఎవరు వింటారు" అను మాట మా ఇంటిలో మా తాతగారి నుండి వచ్చుచున్నది. అయితే పాఠ్యభాగములో ఆగినవాడు ఎవడో చూచితిరా? ఆ దారిలో నిజముగా బయటివాడు అతడే. యూదుల దేశములో సమరయుడు, కొనప్రాణముతోనున్న మనిషిని తన పశువు మీద ఎక్కించుకొని పూటకూళ్ల ఇంటి ముందు దిగినాడు. "కొట్టినది నీవేనా" అని మొట్టమొదట అడుగబడదగినవాడు అతడు. ఇన్నేండ్లు ఫ్లానెల్ బోర్డు మీద ఆ సంగతిని మేము చూపింపలేదు.

అప్పుడు లేని చట్టము ఇప్పుడు ఉన్నది. 1989లో పరమానంద్ కటారా కేసులో, గాయపడినవానికి పోలీసు వ్యవహారముల కొరకు ఆగకుండ వెంటనే చికిత్స చేయవలెనని సుప్రీంకోర్టు వైద్యులందరికి చెప్పినది. 2016 మార్చి 30న, సహాయము చేసినవారిని వేధింపకుండ కేంద్రము రూపొందించిన మార్గదర్శకములను అదే కోర్టు ఆమోదించి దేశమంతట వర్తింపజేసినది. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి 134ఎ అను సెక్షను చేర్చినారు. దాని ప్రకారము, ప్రమాదములో పడినవానికి సద్భావముతో సహాయము చేసినవాని మీద, పొరపాటున ఏదైనను హాని జరిగినను, సివిలు గాని క్రిమినలు గాని కేసు ఉండదు. 2020 సెప్టెంబరులో వచ్చిన నియమముల ప్రకారము, పేరు, చిరునామా చెప్పుమని పోలీసులు బలవంతము చేయరాదు. సాక్షిగా ఉండుట మన ఇష్టము. ఈ హక్కులను ఆసుపత్రులు గుమ్మము దగ్గర స్థానిక భాషలో కూడ వ్రాసి పెట్టవలెను. ఆ సెక్షనులో సహాయకునికి చట్టము పెట్టిన పేరు ఇంగ్లీషులో "గుడ్ సమారిటన్" అనియే. మన పాఠ్యభాగములోని బయటివాడు భారతదేశపు చట్టములోనికి వచ్చియున్నాడు.

చట్టమున్నంత మాత్రమున భయము పోదు. కాబట్టి ఒక చిన్న అభ్యాసము చెప్పుచున్నాము. యౌవనస్థుల కూటములలో దీనిని నటించి చూడండి. ఒకడు పడియుండవలెను, ఎనిమిదిమంది చుట్టు నిలువవలెను. "ఎవరైనా ఫోను చేయండి" అని మొదట అరచి చూడండి. తరువాత ఒక్కని వైపు వ్రేలు చూపి, కన్నులలోనికి చూచి, "నీలపు చొక్కా అన్నా, నీవు 108కి ఫోను చేయి" అనండి. రెండింటికి తేడా పిల్లలే చెప్పుదురు. ఊరి భాషలో నోటికి వచ్చియుండవలెను. కన్నడములో "అణ్ణా, నీవు 108క్కె ఫోన్ మాడి". తమిళములో "అణ్ణా, నీంగ 108క్కు ఫోన్ పణ్ణుంగ". మరాఠీలో "దాదా, తుమ్హీ 108లా ఫోన్ కరా". ఒడియాలో "భాఇ, ఆపణ 108కు ఫోన్ కరన్తు". యానామువారికి మన మాటయే చాలును. స్పృహ లేనివాని నోటిలో నీళ్లు పోయకూడదు. రక్తము కారుచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టవలెను. ఇంతకు మించినది అంబులెన్సువారికి తెలియును.

తొందరకు మందు ఇంతకంటె కష్టము. మా మట్టుకు మేము ఏ సమావేశమునకైనను అరగంట ముందు బయలుదేరుట నేర్చుకొన్నాము. ఇంటిలోనివారు దీనిని ముసలితనపు చాదస్తమనుకొనుచున్నారు. వారికి ఇంకను కారణము చెప్పలేదు. ఈ పత్రిక చదివినప్పుడు తెలియును.

పాలక్యాను మనిషి ఇప్పుడు బస్టాండు దగ్గర టీ అంగడి పెట్టుకొనియున్నాడు. అతడే ఆ మనిషియని అంగడికి పోవుట మొదలైన చాలా ఏండ్లకు గాని మాకు తెలియలేదు. ఒక సాయంత్రము కాలు సంగతి తానే చెప్పినాడు. పడియున్నప్పుడు చుట్టు నిలిచినవారి ముఖములు గుర్తు లేవట, చెప్పులు గుర్తున్నవట. ఒక స్కూటరు నెమ్మదించి, మరల వేగము పుంజుకొని పోయిన చప్పుడు కూడ గుర్తున్నదట. అతడు కోపముతో చెప్పలేదు. టీ వడపోయుచు చెప్పినాడు. మేము గ్లాసు క్రింద పెట్టి డబ్బులిచ్చి వచ్చినాము.

ఆ స్కూటరు మాదని అతనికి ఇంకను చెప్పలేదు. అతనికి తెలుగు చదువ రాదు గనుక ఈ పత్రిక ద్వారా తెలియదు. వచ్చే వారము అటు పోవలసియున్నది. ఆ దినమున మరి ఏ పనియు పెట్టుకొనలేదు.